పొట్టి ఒ

సిరొంచ జడ్పీ బడి, మూడో గది.
పిల్లల కథల పోటీ.
బోర్డు మీద నియమం నేనే రాసిన:
తెలుగు లిపిలోనే.

ఆరో తరగతి జాడి అంకిత కాగితం నిండా
మరాఠీ అక్షరాలు.
పక్కన పెట్టబోయి, ఊరికే పైకి చదివిన.
నా నోట్లోంచి తెలుగు వచ్చింది.
ప్రాణహిత మీద పడవ, పడవలో మేక,
మేకకు జ్వరం, పడవోనికి అవ్వ తిట్లు.

"అవ్వ ఓడిలో తలపెట్టి పండుకున్న" అని చదివితే
కిటికీ కాడ బ్యాడ్జీలు పెట్టుకున్న
పదో తరగతోళ్లు కిసుక్కుమన్నరు.
అంకిత నవ్వలే.
"ఓడి కాదు సార్, ఒడి.
మా బడి అక్షరాల్ల పొట్టి ఒ లేదు.
చదివేటోళ్లే పొట్టిగ అనుకోవాలె."

పోహ పొట్లాలొచ్చినయి. గది ఖాళీ.
ఆమె మాత్రం స్కెచ్ పెన్ను నాకిచ్చి
అరచెయ్యి చాపింది. ఎట్ల రాస్తరు?

రాసిన.
చెమటకు అప్పుడే అంచు కరుగుతుంది.
పిడికిలి మూసి ఉరికింది,
పోహకు కాదు, గేటు దిక్కు.
అక్కడ అవ్వ, తెగిన చెప్పు చేతిలో పట్టుకొని.

నేను బోర్డు దగ్గర నిలబడి
డస్టర్ కోసం వెతుకుతున్న.