ఏడిస్తే సచ్చే జబ్బు

రాత్రి తొమ్మిదింపావుకు
నిడో డబ్బాకు ఫోన్ ఆనిచ్చి పెడతడు నర్సాగౌడ్.
షార్జా అవతల సజ్జా క్యాంపు,
ఇరవై ఏడో నంబర్ రూము,
ఎనిమిది మంచాలు, పదహారు కండ్లు, జానెడు తెర.

సీరియల్ల పిల్లకు జబ్బు.
కండ్లద్దాలు తీసి, కిటికీ దిక్కు మొఖం తిప్పి
డాక్టర్ చెప్పిండు:
పదికోట్ల మందిల ఒక్కరికే వస్తదట,
ఒక్క చుక్క కన్నీరు రాలినా గుండె ఆగిపోతదట.
పేరా? సోమారం నాడు లాక్రోకార్డియా,
బుధారం నాడు కార్డియోలాక్రా,
శుక్రారం ఇంకేందో.
రాసెటోనికే నోరు తిరగని రోగం.

ఎంత సుకమైన జబ్బు!
చీము లేదు, వాసన లేదు,
దవాఖాన మంచం మీద గూడ కాటుక చెదరదు,
బిల్లు కట్టే సీను ఒక్కనాడు రాదు.
అడ్వటైజ్‌మెంట్ వస్తే ఆగి నిలబడుతది, మర్యాద తెల్సిన జబ్బు.
"నాకొస్తె మంచిగుండు" అన్నడు పోశెట్టి,
మూత్రం మంటకు చెంబెడు నీళ్ళు తాగుకుంట.

అన్నోడు ఊకున్నడా?
తెల్లారి క్లినిక్‌కు పోయి
సూడాన్ డాక్టర్ ఇద్రీస్ ముంగట
గుండె మీద చెయ్యి పెట్టుకొని ఆ పేరే చెప్పిండు.
ఆయన పెన్ను మూత తీసి
నింపాదిగ అడిగిండు: "స్పెల్లింగ్?"
రెండు పెనడాల్ చేతిల వెట్టి పంపిండు.

రూమంత పడీ పడీ నవ్వినం.
అప్పటి సంది ఎవ్వడు లేటుగ లేచినా
"ఏంరా, లాక్రానా?"
బంగ్లా ఫోర్‌మన్ షఫీకుల్ గూడ నేర్సుకున్నడు గా మాట.

అటు సీరియల్ల
ఇంటిల్లిపాది ఆటకట్టిండ్రు.
పిల్ల ముంగట ఎవ్వలు ఏడ్వరు.
తాత సచ్చిపోతే తీర్థం పోయిండన్నరు.
అప్పులోడొస్తే దూరపు చుట్టమన్నరు.
ఇల్లు జప్తుకొస్తె, సున్నాలెయ్యనీకి వచ్చిండ్రన్నరు.
"గింత అబద్ధమా! గీ రైటర్‌ను పట్టుకొచ్చి
ఆగస్టుల షట్టరింగ్ పనికి తోలాలె"
అని తిట్టుకుంటనే రీచార్జ్ చేసేటోళ్ళం.

రాజలింగం ఒక్కడే తిట్టలే.
ఖుబ్బూస్ ముక్క పప్పుల అద్ది
అట్లనే పట్టుకొని కూసున్నడు.
"మా తమ్ముడు పోయిన పదమూడో దినాన
చెప్పిండ్రు నాకు.
గప్పటిదాక ఎప్పుడు ఫోన్ చేసినా
పొలంకాడున్నడన్నరు,
మోటరు కాలితే పట్నం పోయిండన్నరు,
పండుకున్నడన్నరు.
ఒకపారి మా చిన్నాయిన కొడుకు
వాని గొంతు తీసి మాట్లాడిండు.
అన్నా, నాకో వాచీ తేవే అన్నడు.
తెస్త తియ్ అన్న.
కొన్న గూడ."

ఆ వాచీ ఆయన చేతికే ఉన్నది.
ఊరి టైముకు పెట్టి ఉన్నది,
మాకంటె గంటన్నర ముందు.

పోశెట్టి వాల్యూమ్ తగ్గించిండు.
తెర మీద పిల్ల పెదిమె వణికింది, పాట మొదలైంది,
ఎవ్వలు చూడలే.
ఎవడో బాత్రూంల నల్లా ఇప్పిండు,
చానసేపు కట్టెయ్యలే.

జూన్ల సీరియల్ ఆపేసిండ్రు.
రేటింగ్ రాలేదట.
మందు దొరకలే, ఆపరేషన్ కాలే,
పిల్ల ఏడ్సిందో లేదో చెప్పనే లేదు.
ఆ టైముకు ఇప్పుడు డాన్సుల పోటీ వస్తున్నది.

పోశెట్టి కిడ్నీల రాళ్ళున్నయని
స్కానింగ్‌ల తేలింది.
ఈ జబ్బుకు స్పెల్లింగ్ ఉన్నది,
ఇద్రీస్ సాబు తడబడకుంట రాసిండు.
బిల్లు గూడ ఉన్నది.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ కొట్టి
"ఏం గాలే, ఎండకు జెర జెరమొచ్చింది" అన్నడు పోశెట్టి.
అటుదిక్కు నుంచి ఆమె
"ఈడ మేమంత మంచిగనే ఉన్నం" అన్నది.
స్పీకర్ ఆన్ ఉన్నది.
రాజలింగం వాచీ తీసి
ఊకెనే కీ తిప్పుకుంట కూసున్నడు.