చెల్లు

మా సూళ్లూరుపేట పెద్దమ్మ ఫోన్లో ఎప్పుడూ ఒకటే అడుగుతుంది:
"అయనావరంలో సెటిలయినట్టేనా మే?"
అయ్యాను పెద్దమ్మా.
కాగితం మీద కూడా రాసుంది.
నాలుగో పేజీలో, పొడుగు నంబరు పక్కన,
ఎర్రటి గడిలో: సెటిల్డ్.

ఆ మాట చూసి మేనేజరు కళ్లద్దాలు తీసి పక్కనపెట్టాడు.
కుదురుకుందని కాదమ్మా దానర్థం,
కొంత ఎగ్గొట్టిందని.

లక్షా ఎనభైవేలు తెచ్చింది రెండు మిషన్ల కోసం,
ఒకటి జిగ్‌జాగ్‌ది, ఒకటి ఓవర్‌లాక్‌ది.
మూడోనెలకే వీధులకి తాళాలు పడ్డాయి.
పెళ్లిళ్లు లేవు, బడులు లేవు,
జాకెట్టు కుట్టించుకుని ఎవరికి చూపిస్తారు?
గుడ్డముక్కల్తో మాస్కులు కుట్టాను, ఒక్కోటి పదిరూపాయలు.
బియ్యం వచ్చాయి గానీ వాయిదా రాలేదు.
ఆ రోజుల్లో ఫోను మోగితే
మా ఆయన దాన్ని బియ్యండబ్బాలో పెట్టి మూతేసేవాడు.
బియ్యంలోంచి మోగేది.

చివరికి ఒకతను మర్యాదగా మాట్లాడాడు.
ఒక్కసారిగా లక్షాపదివేలు కట్టెయ్యక్కా, మిగతాది వదిలేస్తాం.
గాజులు నాలుగూ అమ్మి కట్టాను.
వదిలేయడమంటే వదిలేయడమే అనుకున్నా.
అది పట్టుకోవడంలో ఇంకో రకమని
నాలుగేళ్లకి తెలిసింది,
కొట్టు అడ్వాన్సుకి అప్పడిగితే.

వదిలేసిన యాభైరెండువేలూ కడితే
క్లోజ్డ్ అని మారుస్తారట.
ఏడాది పట్టింది.
చీరలకి ఫాల్సు కుట్టిన డబ్బు, పికో డబ్బు,
చిల్లరే ఎక్కువ.

బాకీ లేదన్న లెటరు కోసం
కొన్నూరు హైరోడ్డు బ్రాంచికి ఆరుసార్లు తిరిగాను.
"నాళైక్కి వాంగ" అంటుంది కౌంటర్లో అమ్మాయి.
ఒకరోజు నా యాస పసిగట్టి
"రేపు రండి" అంది.
వాళ్లది గూడూరట.
భాష మారింది, రేపు మారలేదు.

బ్రౌజింగ్ సెంటర్లో ఇన్బరసు అభ్యంతరం పెట్టాడు.
ముప్ఫైరోజులన్నాడు.
ముప్ఫైరోజుల తర్వాత అదే ఎర్రగడి.
ఆధార్‌లో అలివేలు, బ్యాంకులో అలమేలు.
అప్పు చేసిందెవరో తీర్చిందెవరో
వాళ్లిద్దరూ తేల్చుకుని రావాలి.

కుట్టు విప్పడం నాకు తెలుసు.
బ్లేడు మూలతో ఒక్కో పోగూ తెంపి లాగాలి.
విప్పాక కూడా సూది బెజ్జాలు వరసగా నిలబడతాయి.
నీళ్లు చల్లి, గోటితో రుద్ది, ఇస్త్రీపెట్టె ఆనిస్తే
నూలుగుడ్డ మరిచిపోతుంది.
పట్టు మరవదు.

మూడోసారికి మారింది.
మంగళవారం మధ్యాహ్నం, కరెంటు లేదు,
ఫోన్ వెలుతుర్లోనే చూశాను. క్లోజ్డ్.
ఎవరికి చెప్పాలో తోచలేదు.
పెద్దమ్మకేమని చెప్పను,
ఇప్పుడు సెటిల్ కాలేదనా?

చేతులు ఊరికే ఉండలేక సొరుగు లాగాను.
నా నోటుబుక్కు.
ఎవరి కొలతలు వాళ్ల పేజీలో, కింద బాకీలు.
ఓట్టేరి కుముదవల్లి.
నడుము ముప్ఫైనాలుగు, చెయ్యి తొమ్మిది,
రెండు జాకెట్లకి ఆరొందలు.
పక్కన నా రాతే, ఎర్ర పెన్నుతో:
మొండి. గుడ్డ తీసుకోవద్దు.

కిందటేడు వచ్చి ఇచ్చేసిందామె, వందనోట్లు ఆరు,
ఆలస్యమైందని నాలుగు నిమ్మకాయలు కూడా.
డబ్బు లెక్కపెట్టుకున్నాను. పేజీ తిప్పలేదు.
ఆ తర్వాత గుడ్డ తెస్తే
పని ఎక్కువుందన్నాను.
రెండుసార్లు.

బ్లేడు తీసుకుని మెల్లగా గీకాను.
మొండి పోయింది. గుడ్డ పోయింది.
తీసుకోవద్దు దగ్గర కాగితం పలచబడి
వెనక పేజీలో ఎవరిదో మెడ కొలత కనిపిస్తోంది.

కుముదవల్లికి ఫోన్ చేశాను.
మోగుతోంది.
నా నంబరు ఆమె దగ్గర
ఏ పేరుతో ఉందో.