సున్నం గుడ్డు

జీడిపప్పు డబ్బాలు సర్దే చెక్కపెట్టెలు రెండు
పలాసలో బట్టీ నుంచి సైకిలు వెనక కట్టుకుని తెచ్చాను.
ఒక్కోటి నలభై రూపాయలు.
"ఏటి సేస్తావే వీటితో?" అన్నాడు మేస్త్రీ.
"గదులు కడతన్నాను బావూ" అన్నాను.

మూడు పెట్టలు. ఐదు నెలలు నిండాయి.
తురాయిలు మొన్నటిదాకా పాలిపోయి ఉండేవి,
ఇప్పుడు చింతనిప్పులు.
చెయ్యి చాపితే పరుగెత్తేవి
రెక్కలు కాస్త విప్పి నేలకు అతుక్కుపోతున్నాయి.
ఎదురింటి ఢిల్లమ్మ నల్లదాన్ని చంకలో ఇరికించుకుని
తోక కింద ఎముకల మధ్య వేళ్లు ఆనించి చూసింది.
రెండు వేళ్లు పట్టాయి.
"ఇంకెంత, వారం" అంది.
మంత్రసాని కూతురు. వేళ్లకు తెలుసు.

పెరటి గోడకు మోకాలెత్తున పెట్టెలు బిగించాను.
అడుగున ఎండుగడ్డి, పేలు పట్టకుండా
గుప్పెడు వేపాకు, పిడికెడు బూడిద.
ముందుకి పాత చీర ముక్క.
గుడ్డు పెట్టే కోడికి చీకటి కావాలంది ఢిల్లమ్మ,
చీకటీ, వీపుకో గోడా,
ఒక్కదానికే సరిపోయేంత చోటూ.
సుత్తి కాసేపు పక్కన పెట్టాను.
ఒక్క గదిలో ఆరుగురం ఉన్నప్పుడు
నా చంటిదానికి పాలిచ్చింది
తలుపు వెనక, గోడకు మొహం తిప్పుకుని.

బారువ ఏట్లో ఏరిన నున్నటి రాళ్లు రెండు
సున్నంలో ముంచి ఆరబెట్టి
పెట్టెకొకటి చొప్పున గడ్డిలో దాచాను.
ఇక్కడ ఇంతకుముందు ఒకర్తి పెట్టింది,
దానికేమీ కాలేదు
అని చెప్పే అబద్ధం.

పది దాటేదాకా బయటికి వదలొద్దత్తా అని
చెప్పి నేను బట్టీకి పోతే
ఏడింటికే వదిలేసింది.
"ఏడుస్తన్నాయే! నానేటి సేసీది?"

నల్లది పెట్టింది.
పెట్టెలో కాదు,
అరుగు మీద బోర్లించకుండా వదిలేసిన
మా ఆయన హెల్మెట్‌లో.
నిమ్మకాయంత గుడ్డు. పెంకు మీద
సన్నటి నెత్తుటి గీత.
అత్త చూసి, పసుపు తేబోయి,
గుమ్మం దగ్గర ఆగి తనలో తనే నవ్వుకుంది.
"నా తల పెట్టుకునే చోటే దొరికిందేటి దీనికి?" అన్నాడు ఖగేశ్వర్రావు.
"నీ తల్లో ఎలాగా ఏటీ పుట్టలేదు, దాంట్లోనైనా పుట్టనీరా" అంది అత్త.

ఆ రోజు ఉత్త తలతో కాశీబుగ్గ వెళ్లి
రెండొందల ముప్ఫై ఐదు చలానా తెచ్చాడు.
గుడ్డు ఎనిమిదైతే
నల్లది మాకు ఇరవైతొమ్మిదిన్నర గుడ్లు బాకీ.

హెల్మెట్‌ని రోజుకో మూర జరిపాను.
అరుగు మీంచి మెట్టుకి, మెట్టు నుంచి కట్టెల పక్కకి,
చివరికి తీసుకెళ్లి పెట్టెలో.
పెట్టెలోకి వెళ్లిన రోజునించి
మూడు రోజులు దాని మొహం చూడలేదు నల్లది.
పుల్లల మోపులో పెట్టింది ఒకటి,
ఇంకోటి ఎక్కడో ముంగిసకే తెలుసు.

గురువారం పని దిగి వచ్చాను.
జీడి చమురుకి వేళ్లు నల్లగా, తోలు లేచిపోయి.
చీర ముక్క ఎత్తితే
గుండ్రటి కన్ను ఒకటి నన్ను చూసింది, రెప్ప కొట్టకుండా,
నువ్వెవరు అన్నట్టు.
తప్పయిపోయిందే తల్లీ అనుకుని
తెర దించేశాను.

ఇప్పుడు మూడూ పెడుతున్నాయి.
మూడింటికీ హెల్మెట్ పెట్టే కావాలి.
ఒకటి లోపలుంటే రెండు బయట నిలబడి
రేషన్ డిపో దగ్గరలాగ గొణుగుతాయి.
పక్క పెట్టె ఖాళీ. గడ్డి కూడా నలగలేదు.
ఖగేశ్వర్రావు కొత్త హెల్మెట్ కొనుక్కున్నాడు,
రాత్రిళ్లు దాన్ని మేకుకి తగిలిస్తున్నాడు.

నిన్న ఇంట్లో ఎవరూ లేరు.
మోకాళ్ల మీద కూర్చుని
ఆ ఖాళీ పెట్టెలో నా తల పెట్టి చూశాను.
వేపాకు వాసన.
హైవే మీద లారీలు ఎవరి ఊళ్లోనో పోతున్నట్టు.
చెంపకు సున్నం రాయి,
చల్లగా.