రెంక్‌లో వరుస

చేతికి కట్టిన కాగితప్పట్టీ మీద
నాలుగు వందల పన్నెండు.
జొన్నలు పది కిలోలు, టార్పాలిన్, సబ్బు ఒకటి.
"ఏ ఊరికి తిరిగి వెళ్తున్నారు?"
అడగడం నా పని.

అలువెల్ ఖార్టూమ్‌లో పుట్టింది.
చంకలో పిల్ల దారిలో, ఆగిన లారీ నీడలో.
'తిరిగి' అన్న మాటకి
ఇద్దరూ నావైపే చూశారు.

ముసలామె అందుకుంది.
ఊరి పేరు కాదు,
చిన్నప్పుడు పాలు పితికిన తెల్లావు పేరు:
యార్.
ఒక కొమ్ము కిందికి వంగి ఉండేదట.
"దాన్ని కట్టేసిన గుంజ దగ్గరికి."

పడవ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.
నైలు గాలికి కాగితాలు లేస్తుంటే
సబ్బు బరువు పెట్టి
గడిలో ఆవు పేరే రాశాను.

సాయంత్రానికి మరో ఇద్దరు
మాదీ ఆ ఊరే అన్నారు.