కనీసం పది

సొహార్‌లో ఆగస్టు.
పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా
ఎండలో పని చేయించకూడదని రూలు.
సిమెంటు పైపుల నీడలో
తలకింద చెప్పులు పెట్టుకుని పడుకున్నారు మనుషులు.
హాజరు యాప్ ఎందుకు పనిచేయడం లేదో కనుక్కురమ్మని
నన్ను పంపారు.

పనిచేయకపోవడమేం లేదు.
నలభై ఒక్కమందిలో ముప్పై నలుగురికి పనిచేస్తోంది.
మిగతా ఏడుగురికీ
మీ ఫోనుకు ఇది సరిపడదని ఒకటే వాక్యం,
అదీ ఇంగ్లీషులో, అదీ బూడిదరంగులో.

ఓదెలు తన ఫోను తీశాడు.
మూల పగిలిన అద్దం మీద పుండుకు వేసే పట్టీ.
"గిది నడ్వదంటది మేడం.
మరి టార్చి వడ్తది, పైసల్ పంపుతది,
ధర్మపురిల వాన వడ్డదా లేదా జెప్తది.
గీ హాజరుకాడనే ఏం మాయరోగం?"

అతని ఫోను వెర్షన్ ఎనిమిది.
యాప్ అడిగేది పది.

అడిగింది నేనే.
ప్యాకేజీ ఫైల్లో పద్నాలుగో వరసలో ఉంటుంది ఆ అంకె.
ఆరోజు గురువారం సాయంత్రం,
కింద ఆఫీసు వ్యాను హారన్ కొడుతోంది,
ఆ గడి ఖాళీగా వదిలితే బిల్డు ఒప్పుకోదు,
నా బల్ల మీది ఫోను పది.
పది కొట్టి మెట్లు దిగాను.
పప్పులో ఉప్పయినా ఇంతకన్నా నయం,
వేశాక రుచి చూస్తాం.

(ఈ ఉద్యోగం ప్రకటనలోనూ
కనీసం మూడేళ్ళ అనుభవం అని ఉంది.
మూడే ఎందుకని నేనడగలేదు.
నాకు మూడున్నర ఉంది మరి.)

రాత్రి గదిలో ఒక్కో ఫంక్షనూ విప్పి చూశాను,
పది కావాలని పట్టుబడుతున్నదెవరో.
దొరికింది ఒక్కటే.
హాజరు పడ్డాక వచ్చే ఆకుపచ్చ టిక్కు
మెల్లగా వెలిగి, మెల్లగా ఆరుతుందే,
ఆ వెలుగు.

దాని కోసం
ఏడుగురు పదకొండు రోజులు
పనిలో ఉండి, లెక్కలో లేరు.

పాత ఫోనయితే వెలగకు, ఊరికే కనబడు
అని రెండు వరసలు రాశాను.
అంకె ఎనిమిదికి దించాను.
మర్నాడు ఆరుగురికి టిక్కు పడింది.

ఇస్తారిది మాత్రం ఆరు.
సర్వరుతో గుట్టుగా మాట్లాడే విద్య దానికి రాదు;
దాని కోసం గొళ్ళెం తీస్తే
నలభై ఒక్కమంది జీతాలూ నడివీధిలో ఉంటాయి.
ఎంత తిప్పి చూసినా ఇది నిజంగానే కాదు.
ఆ మాట అతనికి చెప్పడానికి
హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చి ఆగిపోయాను.
"కాకుంటె కాకపాయె, బుక్కుల రాయున్రి" అన్నాడు.
ఫోర్‌మన్ గీతల నోటుబుక్కు తెచ్చాడు.

ఇప్పుడు పద్నాలుగో వరస పక్కన ఒక వ్యాఖ్య ఉంది:
"ఎనిమిది. ఓదెలు ఫోనులో నడిపి చూశాను.
ఆరులో నడవదు, అదీ చూశాను.
పెంచేవాళ్ళు ముందు సైటుకు వెళ్ళి రండి,
మధ్యాహ్నం పూట."