తడి మక్కలు గిర్నీ పట్టదు

వానాకాలం పొడుగునా
సంగీత్ చౌరస్తాల కంకులు కాల్చే బండి ఎన్క నిలబడి
పొట్టు ఏరుకునేది.
గొడ్లకేమో అనుకున్న.
వారాసిగూడ మూడో అంతస్తుల గొడ్డెక్కడిది?
దండెం మీద బట్టలతో పాటు
పచ్చి పొట్టు ఆరేసి
మబ్బు పట్టినప్పుడల్లా ఉరికొచ్చి తీసేది.

పేరు ఓఫేలియా. మెక్సికో అట.
తార్నాక యూనివర్సిటీల వాళ్ళ భాష చెప్తది.
మా గల్లీల ఒఫీలమ్మ.

దీపావళి పోయిన వారం పది దినాలకు
బకెట్ నిండ ఉడికిన మక్కలు మోసుకొని గిర్నీకి దిగింది.
పచ్చటి నీళ్ళు, సున్నం వాసన.
ఏం జేస్తవంటే "తమాలె" అన్నది.
తమలపాకులనుకున్న.
జంగయ్య పాన్‌డబ్బాల సున్నమంతా ఆమెనే కొన్నదని
పొద్దుగాల్నే విన్న మరి.

"తడి మక్కలు గిర్నీ పట్టదమ్మా,
రాయి జామైతది, బెల్టు తెగుతది" అన్న.
ఇదే మాట, ఇదే గొంతుతోని
నలభై ఏండ్లు మా అవ్వ అనేది.
అన్నంక కొంచెంసేపు నాకే నోరు పెగల్లే.

అవ్వ బోనాల నెలల పోయింది.
పెత్తరమాసకు తమ్ముడు నిజామాబాద్ నుంచి వచ్చి
బియ్యమిచ్చిండు. పప్పు, చింతపండు, గుమ్మడికాయ ముక్క,
అన్నీ లెక్క ప్రకారం.
నేను బిడ్డను. పక్కకు నిలబడి విస్తరి అందించిన.

ఇంట్ల అవ్వ ఇడ్లీపిండి గ్రైండర్ దుమ్ము పట్టి ఉండె.
కడిగి తిప్పినం.
మక్క పొట్టు విడిచి వెన్నలెక్క నలిగింది.
పందికొవ్వు కలపాల్నట, డాల్డాతోని సరిపెట్టింది.
మిరపకాయలు వేయించి, నువ్వులు నూరి,
అండ్ల చాక్లెట్టు ఇరిచి వేసింది!
ముక్కు మూసుకున్న.
ఆమె అటు తిరగంగనే వేలు పెట్టి నాకిన.

బతుకమ్మకు కిలో నూట ఇరవై పలికిన బంతి
ఇప్పుడు ముప్పై.
గుడిమల్కాపూర్ నుంచి బస్తెడు తెచ్చి
రెక్కలు తుంపి
వీధి గడప నుంచి మూడంతస్తుల మెట్ల మీద చల్లింది.
మేం పూలను నీళ్ళల్ల విడుస్తం,
వీళ్ళు పూల మీద నడిపిస్తరు.
ఎవరినంటే, వాళ్ళన్న ఎఫ్రయిన్‌నట.
పోయి పద్నాలుగేండ్లు.
"కొత్త ఊరు గద, తొవ్వ తప్పొద్దు" అన్నది.
సముద్రాలు దాటి వచ్చెటోడు
మా మెట్లకాడ ఆగమైతడని బెంగ.

ఎండిన పొట్టు నానబెట్టి, పిండి పరిచి,
చంటిపిల్లను చుట్టినట్టు చుట్టి
ఇడ్లీ కుక్కర్ల నిలబెట్టినంక
చేతులు తుడుసుకుంట అడిగింది:
"మీ అమ్మకేం ఇష్టం ఉండె?"

పదకొండో దినం ఎవరూ అడగలే.
పంతులు అడగలే, తమ్ముడు అడగలే,
నేనన్నా అడుక్కున్ననా?

"గోలీ సోడా" అన్న. "ఉప్పేసి."
నవ్వొచ్చింది. నవ్వు ఆగక ఎక్కిళ్ళయింది.
కనురెప్పల దాకా పిండి పట్టిన మనిషి
షట్టర్ దించి, సోడా బండికాడ నిలబడి
ఒక్క గుక్కల తాగి
గల్లీ అంతా ఇనబడేటట్టు త్రేన్చేది.

ఇప్పుడెక్కడ దొరుకుతది?
నామాలగుండు దాకా ఇద్దరం నడిచినం.
తెచ్చి, పూలు తొక్కకుండ పక్కపక్కకు అడుగేసుకుంట ఎక్కి,
బొటనవేలితోని నొక్కిన.
కీచుమన్నది గోలీ.

అవ్వ ఫొటో నాకాడ లేదు. తమ్ముడు తీస్కపోయిండు.
ఎఫ్రయిన్ పక్కన ఆధార్ కార్డు పెట్టిన.
అండ్ల అవ్వ ఎవరినో తిట్టబోతున్నట్టు ఉంటది.

తెల్లారి పొట్టు విప్పుకొని తిన్నం.
"వాసన వాళ్ళు తిన్నరు, మిగిలిందే మనది" అన్నది.
నాకైతే రుచిగనే ఉండె.
డాల్డా కొంచెం ఎక్కువైంది.
సోడాల గ్యాసు పోయింది, ఉప్పు మిగిలింది.
తాగిన.

కిందికి దిగి షట్టర్ లేపే సరికి
ఓనరమ్మ, మెట్ల నిండ ఈ చెత్తేందని ఒకటే లొల్లి.
రేపు ఊడుస్తమని చెప్పిన.