మారేడు జిగురు

ఉల్లివీధి నూలు గోదాం గోడకి
మూడోసారి గచ్చు రాలింది.
కాంట్రాక్టరు తెల్ల డబ్బా ఒకటి దింపాడు.
మూత తిప్పగానే కొత్త చెప్పుల కొట్టు వాసన.
మా అయ్య అటు చూడనైనా లేదు,
మారేడుకాయలు పగలగొడుతూ కూర్చున్నాడు
సుత్తితో కాదు,
కాయని కాయకేసి కొట్టి.

"ఒలే గుంటా, సున్నానికి తొందరెక్కువ.
ఒగ్గేసినావా, బిర్రబిగుసుకుని
తెల్లారికి నెర్రెలిచ్చేద్ది.
సెయ్యట్టుకుని నడిపించాల దాన్ని."

గుజ్జు తొట్టిలో మూడు రాత్రులు నానింది,
కరక్కాయ పొడితో, బెల్లం మడ్డితో.
ఈగలు తోలడం నా పని.
నాలుగోనాడు అయ్య వేలు ముంచి పైకెత్తాడు.
తీగ సాగింది,
జానెడు.

ఆ జానెడుకి కాలేజీలో వేరే పేరు నేర్పారు నాకు.
చిన్న కొక్కేనికి ఇంకో కొక్కెం, దానికి ఇంకోటి,
వేలకొద్దీ, తెగకుండా: పాలిమర్.
అయ్య జిగురంటాడు.
డబ్బాలో ఉన్నదీ అదే జాతి,
కాకపోతే కాయలోంచి రాలేదు.
ఈ మాట నేను అయ్యతో అనలేదు.

హేమనళిని మేడం సెలవు పెట్టిన శనివారం
ల్యాబు తాళం నా దగ్గరే ఉంది.
రాత్రంతా గాలికి ఆరిన మూడు గాజుపలకలు,
మూడు చుక్కలు.

ఉత్త సున్నపుతేటలో
పక్కకి ఒరిగిన పెట్టెలు.
అంచులు బ్లేడంత పదును,
దేనికీ దేంతోనూ పొత్తు లేదు, నడుమ అంతా ఖాళీ.
డబ్బా మందు కలిపిన చుక్కలో
మూలలే లేవు,
సగ్గుబియ్యం ఒలికినట్టు గుండ్రాలు.
మారేడు కలిపినదాంట్లో
పెట్టె పెట్టెలాగే ఉంది గానీ
మూలలు అరిగి, ఒళ్ళంతా మెట్లు పడి,
ఒకదాని చంకలోకి ఒకటి దూరి పడుకున్నాయి.

రాయి మెట్టు మెట్టుగానే పెరుగుతుంది.
మెట్టు అంచున ఎప్పుడూ ఒక చోటు ఖాళీ,
వచ్చే రేణువు కోసం.
తీగ వచ్చి ఆ చోట్లోనే
కొక్కేలన్నీ దించుకుని కూర్చుంటుంది.
ఇక ఆ వైపు నడక నత్తది.
తీగ పట్టని ముఖాలు పరుగెడతాయి,
పరుగెత్తేకొద్దీ సన్నబడి
ఏదో ఒక మూలలో కలిసిపోతాయి.
ఆగిన ముఖమే చివరికి కనబడే ముఖం.
మొదటిసారి చదివినప్పుడు
అచ్చుతప్పనుకుని
పెన్సిల్‌తో దిద్దాను కూడా.

సాయంత్రం అయ్యని పిలుచుకొచ్చాను.
గుమ్మంలో చెప్పులు విప్పబోతే వద్దన్నాను.
ఒక కన్ను అరచేత్తో మూసుకుని వంగాడు.
చాలాసేపు మాట లేదు.
"పటికబెల్లంలాగుందే" అన్నాడు మారేడుని.
రెండోదాని మీద ఇంకా ఎక్కువసేపు ఉన్నాడు.
"ఇదీ నున్నగానే ఉందిలే.
ఎంతట ఆ డబ్బా?"
చెప్పాను.
నవ్వాడో దగ్గాడో తెలీలేదు.

తరవాత చెయ్యి చాపి,
"దీని మీదది సూపించు" అన్నాడు.
నలభై ఏళ్ళ సున్నం తిన్న అరచెయ్యి.
బొటనవేలి పగులులో నిన్నటి పొక్కు
ఎండి తెల్లగా ఉంది.
బ్లేడు వెనక వైపుతో, నొప్పి పుట్టకుండా,
చిటికెడు గీకి పలక మీద రాల్చాను.

పెట్టెలు కావు.
సగ్గుబియ్యం కాదు.
ఆకుల్లా పల్చగా, ఒకటి మీద ఒకటి,
నేను చూసిన ఏ బొమ్మలోనూ లేని వాటం.
చెమటా? చర్మమా? ఆ చేత్తో తిన్న గంజా?
దాంట్లో కూర్చున్న తీగ ఏదో
నాకు తెలీదు.
"ఏటైంది?" అన్నాడు అయ్య.
"ఇందులో ఏం కలిపావు?" అన్నాను.
"నానేటి కలిపినానే?"

సోమవారం మేడం అడిగారు,
మైక్రోస్కోపు మర మీద ఈ తెల్లటి వేలిముద్ర ఎవరిదని.
సున్నమండీ, అన్నాను.
గుడ్డ చేతిలోనే ఉంది.
తుడవలేదు.